ఈల మింగిన కొమ్ముకోనాం

చేపలు పట్టడం ఏ శాఖ కిందికి వస్తుందన్న అనుమానం ఆ ఏడాది వరకూ ఎవరికీ రాలేదు. చేప ఉంది కాబట్టి చేపల శాఖే చూసుకుంటుందని జనం అమాయకంగా బతికేశారు. అయితే విశాఖలో సరదా కోసం పడవ మాట్లాడుకుని, రెండు మూడు రోజులు సముద్రం మీదే ఉండి, గేలాలేసి పెద్ద పెద్ద చేపల్ని పట్టొచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్లు దాన్ని స్పోర్ట్ ఫిషింగ్ అనేవారు. ఆ మాట ఆ నోటా ఈ నోటా తిరిగి ఒక పెద్ద అధికారి బల్ల మీదికి చేరింది. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, కళ్లజోడు తుడుచుకుని, "స్పోర్ట్ అన్నమాట ముందుంది, ఫిషింగ్ అన్నమాట వెనకుంది. ఉద్యోగాల్లోనైనా మాటల్లోనైనా ముందొచ్చినదే సీనియరు. కావున ఇది క్రీడ" అని రాసి సంతకం పెట్టాడు.

అంతే, సముద్ర క్రీడల మండలి పుట్టింది. క్రీడ అన్నాక నియమాలుండాలి. నియమాలన్నాక అంపైరుండాలి. అన్నిటికంటే ముందు రెండు జట్లుండాలి. ఒక జట్టు మనుషులు. మరి రెండో జట్టు ఎవరని మండలి మొదటి సమావేశంలో ఎవరో అడిగితే, మిగతా సభ్యులు ఆయన వంక జాలిగా చూశారట.

ఈ సంగతులేవీ పంపుసెట్ల జనార్దనానికి తెలియవు.

జనార్దనానికి యాభై దాటాయి. ఊళ్లో ఒక పంపుసెట్ల దుకాణం, గుండెలో ఒక స్టెంటు, మనసులో ఒక కోరిక ఉన్నాయి. పాలిటెక్నిక్ చదివే రోజుల్లో ఒక పొద్దున హార్బరు గట్టు మీద మనిషంత పొడవున్న కొమ్ముకోనాం చేపని దింపుతుంటే చూశాడు. బల్లెంలాంటి ముక్కు, వీపు మీద తెరచాపలాంటి రెక్క, ఒళ్లంతా నీలం. ప్రాణం పోయాక ఆ నీలం చూస్తుండగానే బూడిదరంగుకి తిరిగిపోయింది. బతికున్న కొమ్ముకోనాన్ని ఒక్కసారి తన తాడు చివర చూడాలని ఆ రోజే అనుకున్నాడు. తర్వాత పెళ్లి, దుకాణం, పిల్లల ఫీజులు వరసగా వచ్చి ఆ కోరికని వెనక బెంచీలో కూర్చోబెట్టాయి. స్టెంటు వేసిన డాక్టరు మాత్రం, "ఇక నుంచి మనసులో ఏదీ పెట్టుకోకండి" అన్నాడు. ఆయన అన్నది వ్యాపారపు బెంగల గురించి. జనార్దనం వేరేగా అర్థం చేసుకుని, ఆ నెలలోనే మంచి గేలపు కర్ర కొన్నాడు.

రోజూ పొద్దున్నే మేడ మీద నిలబడి, కింద పెరట్లో నీళ్లు నింపిన బకెట్టుకి గేలం తగిలించి, చక్రం తిప్పుతూ మూడో అంతస్తుకి లాగడం సాధన చేశాడు. "మోటారుందిగా, నీళ్లెందుకు తోడుతున్నారు?" అని ఎదురింటివాళ్లు అడిగితే, భార్య తలుపేసుకునేది.

అతనికి తోడు బయలుదేరినవాళ్లిద్దరు. ఇద్దరూ అతనితో చదువుకున్నవాళ్లే. ఇలియాస్ పళ్ల డాక్టరు. ఎవరు నవ్వినా ముఖం చూడడు, పళ్లే చూస్తాడు. వసుంధర పోస్టల్ శాఖలో ముప్పయ్యేళ్లు పనిచేసి కిందటేడు బయటికొచ్చింది. రూల్సు పుస్తకాన్ని మిగతా ఆడవాళ్లు లలితా సహస్రనామం చదివినట్టు చదివిన మనిషి. ముగ్గురూ కలిసి ఎల్లాజీ అనే సరంగుని, అతను నడిపే పడవని మూడు రోజులకి మాట్లాడుకున్నారు.

బయలుదేరే పొద్దున హార్బరులో బస్తాలు ఎక్కిస్తున్నారు. బియ్యం, చింతపండు, కారం, నూనె, ఉల్లిపాయలు, ఒక పెద్ద దాక. వసుంధర అటూ ఇటూ చూసి, "కూరగాయలేవిరా?" అంది.

"సేపల మీదకెల్తూ వంకాయలట్టుకెల్తే గంగమ్మ నవ్వుద్దమ్మా," అన్నాడు ఎల్లాజీ. "మజ్జాన్నానికి పులుసు నాను పెడతాను కదా. తవరు తినండి, తరవాత మాటాడండి."

సరిగ్గా అప్పుడే గట్టు మీద తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, తెల్ల టోపీతో ఒకాయన ప్రత్యక్షమయ్యాడు. మెడలో ఎర్ర రిబ్బనుకి వేలాడుతూ స్టీలు ఈల తళతళా మెరుస్తోంది. చంకలో ఫైలు, చేతిలో మడత కుర్చీ.

"నమస్కారం. నేను కృపాకర్. మండలి తరఫున అంపైరును. మ్యాచ్ నిర్వహణ నిమిత్తం వచ్చితిని."

"ఏ మ్యాచ్?" అన్నాడు ఇలియాస్.

"మీకును, మత్స్యములకును."

ముగ్గురూ నవ్వారు. ఆయన నవ్వలేదు. ఫైలు విప్పి, గొంతు సవరించుకుని, "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, సముద్రమందు వినోదార్థము గేలము వేయు ప్రతివారును క్రీడాకారులుగాను, సదరు గేలము నెదుర్కొను ప్రతి మత్స్యమును ప్రత్యర్థి క్రీడాకారుడుగాను పరిగణింపబడుదురు" అని మొదలుపెట్టి ఆపకుండా చదివాడు. వసుంధర ఆ కాగితం లాక్కుని వెనకా ముందూ తిప్పి చూసి, స్నేహితులతో మెల్లగా అంది: "ఒరే, నంబరుంది, ముద్రుంది, సంతకముంది. ఇంక దీంట్లో బుద్ధి కోసం వెతక్కూడదు. నోరు మూసుకుని పడవెక్కండి."

ఎక్కబోతుంటే కృపాకర్ చెయ్యడ్డం పెట్టాడు. "ప్రత్యర్థి జట్టుకు శిక్షకుడు లేనిచో మ్యాచ్ చెల్లనేరదు. మత్స్యముల స్వభావము నెరిగిన వ్యక్తి కావలెను."

అందరి కళ్లూ ఎల్లాజీ మీదికి తిరిగాయి.

"నానా?" ఎల్లాజీ రెండడుగులు వెనక్కేశాడు. "అదేటి బాబూ! నాను సేపల్ని సంపీవోణ్ని."

"అంతకు మించిన పరిచయం ఇంకెవరికి ఉండును?" అని కృపాకర్ సంచీలోంచి నీలం టోపీ తీసి ఎల్లాజీ తల మీద పెట్టాడు. దాని మీద తెల్ల అక్షరాలతో 'కోచ్' అని ఉంది. ఎల్లాజీ కేబిన్ అద్దంలో ఎడం పక్క నుంచి ఒకసారి, కుడి పక్క నుంచి ఒకసారి చూసుకున్నాడు. చేసిన చేటంతా ఆ అద్దం చేసింది. పుట్టి బుద్ధెరిగాక ఎవరూ అతన్ని ఏ పదవిలోనూ కూర్చోబెట్టలేదు.

గట్టు దాటగానే టాస్ వేశారు. చేపల తరఫున ఎల్లాజీ బొమ్మ కోరాడు. బొమ్మే పడింది. అతను పడవ అంచుకి వంగి నీళ్లలోకి చూసి, ఏదో సంప్రదించినట్టు తలూపి, "మావోళ్లు సముద్రం తీసుకుంటారు" అన్నాడు.

"ప్రత్యర్థులు సముద్రమును ఎంచుకొనిరి," అని ప్రకటించాడు కృపాకర్. "మీకు పడవ."

తీరం సన్నటి గీతలా మారి, తర్వాత ఆ గీత కూడా చెరిగిపోయాక జనార్దనం గేలపు కర్ర తీశాడు. మంచుపెట్టెలోంచి ఎర కోసం తెచ్చిన చిన్న చేపని తీసి గేలానికి గుచ్చబోతుంటే ఈల మోగింది.

"అది ఏమిటి?"

"ఎరండీ."

"ఎర అనగా ప్రలోభము. ప్రత్యర్థికి ప్రలోభము చూపి అతని ఆటతీరును ప్రభావితము చేయుటను క్రీడా పరిభాషలో మ్యాచ్ ఫిక్సింగ్ అందురు." ఆయన గొంతులో కోపం లేదు, బాధ ఉంది. "పెద్దవారు. మీ నుంచి ఇది ఆశించలేదు."

జనార్దనం ఎర పక్కన పెట్టేసి, ప్లాస్టిక్ చేప బొమ్మ తీశాడు. వెండి రంగుది, లోపల గేలం దాచి ఉంటుంది. మళ్లీ ఈల.

"ఇది చేపయా?"

"కాదండీ, బొమ్మ."

"చేప కానిది చేపనని చెప్పుకొని బరిలోకి దిగుచున్నది. ఒకరి బదులు ఒకరు ఆడుట. ఇందుకు జీవితకాల నిషేధం కలదు. తొలి తప్పిదముగా భావించి మందలింపుతో విడిచిపెట్టుచున్నాను."

"మరి దేంతో పట్టమంటారండీ?"

"ఉత్త గేలముతో. మీ నైపుణ్యము మీద, వారి స్వేచ్ఛా నిర్ణయము మీద ఆధారపడి."

ఆ విధంగా జనార్దనం ఉత్త గేలం నీళ్లలోకి వదిలి, చేపల స్వేచ్ఛా నిర్ణయం కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు. పడవ వెనక ఎల్లాజీ తన జట్టుతో సమావేశమయ్యాడు. అన్నం మెతుకులు నీళ్లలోకి చల్లుతూ, "ఒరే నాన్నల్లారా, ఆ కుడేపున ఓ తాడుంది, సూసుకోండి. నల్ల కర్రాయనది. అటేపెల్లకండి" అని గుసగుసగా బోధిస్తుంటే, ఇలియాస్ వినలేక చెవులు మూసుకున్నాడు.

మధ్యాహ్నం అయింది. దాకలో నూనె లేదు, పొయ్యి మీద దాకే లేదు. నలుగురూ అన్నంలో చింతపండు పిసుక్కుని, కారం జల్లుకుని తిన్నారు. కృపాకర్ మాత్రం ఒక ముద్ద మింగి, మొహం తెల్లబడి, అంచు మీదికి వంగి దాన్ని సముద్రానికి అప్పజెప్పాడు. ఆయన ఇంతకుముందు కబడ్డీ విభాగంలో పనిచేశాడు. కదిలే మైదానం చూడటం ఇదే మొదలు.

సాయంత్రం ఒక విచిత్రం జరిగింది. గాల్లోకి ఎగిరే రెక్కల చేప ఒకటి దారి తప్పి వచ్చి దభీమని ఇలియాస్ ఒళ్లో పడింది. మూరెడు చేప, కొవ్వు పట్టి నిగనిగలాడుతోంది. ఇలియాస్ దాని పళ్లు కూడా చూడకుండా దాక కోసం చెయ్యి చాచాడు.

ఈల మోగింది. "ఇతను మీ ప్రత్యర్థి కాడు. ప్రేక్షకుడు. ఉత్సాహము పట్టలేక మైదానంలోకి చొరబడెను. గౌరవముగా వెలుపలికి సాగనంపవలెను."

"సారూ, దానంతటదే వచ్చిందండీ! ఆకలేస్తోందండీ!"

"ప్రేక్షకుని భక్షించుట ఏ క్రీడలోనూ లేదు," అంటూ కృపాకర్ జేబులోంచి పసుపు కార్డు తీసి పైకెత్తాడు. ఎల్లాజీ వచ్చి చేపని రెండు చేతులతో ఎత్తుకుని, వీపు నిమిరి, నీళ్లలో దింపాడు. దింపేటప్పుడు మాత్రం గుటక మింగాడు. ఆ గుటక జనార్దనం చూశాడు.

రెండో రోజు పొద్దున పడవ చుట్టూ నీళ్లు ఉడుకుతున్నట్టు కనపడ్డాయి. సూర చేపల గుంపు. చెయ్యి పెడితే తగిలేంత దగ్గర. జనార్దనం ఉత్త గేలం వేశాడు. చేపలు దాని పక్క నుంచే, ఊరేగింపులో విగ్రహం పక్క నుంచి వెళ్లినట్టు వెళ్లిపోతున్నాయి. ఇంతలో ఎల్లాజీ చెక్కతో పడవ పక్క బల్ల మీద టకటకా బాదడం మొదలుపెట్టాడు. గుంపంతా ఒక్క విదిలింపుతో మాయమైంది.

జనార్దనానికి చిర్రెత్తింది. "ఎల్లాజీ! ఈ పడవ మాట్లాడుకున్నది నేనా, అవా?"

"పడవ తవరిదే బాబూ," అన్నాడు ఎల్లాజీ, టోపీ సర్దుకుంటూ. "మడిసిని మాత్రం ఆళ్లోణ్ని. ఏటి సేస్తాం, పదవి సెడ్డది."

"పోనీ ఒడ్డుకి తిప్పు. పోదాం," అన్నాడు ఇలియాస్.

"ఫలితం తేలనిదే ఏ జట్టూ మైదానం విడువరాదు," అన్నాడు కృపాకర్, పడుకున్నచోట నుంచే. "నేను ముగింపు ఈల వేసినప్పుడే మ్యాచ్ ముగిసినట్లు."

"అప్పీలు చేస్తాను," అంది వసుంధర.

"తప్పక చేయండి. అప్పీళ్లు స్వీకరించు అధికారి ఒడ్డున ఉందురు. వ్యక్తిగతముగా హాజరు కావలెను."

వసుంధర తల పంకించింది. ఆ పంకించడంలో కోపం కంటే గౌరవమే ఎక్కువ ఉంది. "పకడ్బందీగా రాశార్రా," అంది.

ఆ సాయంత్రం జనార్దనం పడవ ముందు భాగంలో ఒంటరిగా కూర్చున్నాడు. పొద్దు నీళ్లలోకి దిగుతోంది. ఇలియాస్ వచ్చి పక్కన చతికిలబడి ఉల్లిపాయ నమిలాడు.

"ఏట్రా, నీకీ చేప పిచ్చి? మార్కెట్లో పడుంటాయి కదా."

"చచ్చినవి పడుంటాయి." జనార్దనం నీళ్ల వంకే చూస్తున్నాడు. "ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టినప్పుడు పెళ్లాం పిల్లలు గుర్తొస్తారంటారు చూడు. నాకు ఆ చేప గుర్తొచ్చిందిరా. రంగు పోకముందు ఎలా ఉండేదో చూడకుండానే పోతున్నానే అనిపించింది. ఈ ముక్క ఇంట్లో చెప్పలేదు."

ఇలియాస్ చాలాసేపు ఆలోచించి, "మంచి పనిచేశావు. ఎప్పుడూ చెప్పకు" అని, మిగిలిన ఉల్లిపాయ అతని చేతిలో పెట్టాడు.

మూడో రోజు కృపాకర్ కాస్త తేరుకుని, కేబిన్ గోడ పట్టుకుని నడుస్తూ జనార్దనం గేలాన్ని తనిఖీ చెయ్యడానికి వచ్చాడు. చేపలకి ఆశ పుట్టేలా దానికి ఎవరూ మెరుగు పెట్టలేదని రూఢి చేసుకోవడానికి వంగాడు. వంగగానే కడుపులో తిప్పింది. ఒక్క ఉదుటున అంచు మీద వాలాడు. ఆయన మళ్లీ నిటారుగా నిలబడేసరికి మెడలో రిబ్బను లేదు. అది గేలం ముక్కుకి తగులుకుని, ఈలతో సహా నీళ్లలోకి జారిపోయింది. పడవ సాగుతున్న వేగానికి తాడు బిగిసి, ఆ స్టీలు ఈల అలల మీద ఎర్ర తోకేసుకుని, తళుక్కు తళుక్కుమంటూ గంతులేసింది.

"నా ఈల!" అని అరిచాడు కృపాకర్. "ప్రభుత్వ ఈల!"

జనార్దనం చక్రం తిప్పబోయాడు. తిరగలేదు. తాడు అవతల ఏదో గట్టిగా పట్టుకుంది. మరుక్షణం చక్రం గిర్రున వెనక్కి తిరుగుతూ కేక పెట్టింది. గేలపు కర్ర విల్లులా వంగిపోయింది. నూరు గజాల అవతల సముద్రం చీలి, నీలం కత్తిలాంటి చేప ఒకటి గాల్లోకి లేచి, తెరచాప విప్పి, ఎండలో ఒక్క క్షణం నిలబడింది.

కొమ్ముకోనాం.

అది పైకి లేచినప్పుడు, గాలి దాని దవడలో ఇరుక్కున్న ఈలలోంచి దూసుకుపోయింది. పీఈఈ అని సముద్రమంతా మోగింది.

"ఆగండి!" అన్నాడు కృపాకర్. "ఈల మోగినది. ఈల మోగినచో ఆట ఆపవలెను."

"ఊదింది చేపండీ!"

"ఎవరు ఊదిరన్నది నియమాల్లో లేదు. ఈల ఈలే."

జనార్దనం ఆగాడు. చేప ఆగలేదు. మరో యాభై గజాల తాడు లాక్కుపోయింది. మళ్లీ తిప్పడం మొదలుపెడితే మళ్లీ ఎగిరింది, మళ్లీ ఈల వేసింది, మళ్లీ ఆగాల్సొచ్చింది. ఆట ఎప్పుడు ఆడాలో, ఎప్పుడు ఆపాలో ఇప్పుడు దాని ఇష్టం. ఇలియాస్ అతని నడుం పట్టుకున్నాడు. వసుంధర అతని మొహం మీద నీళ్లు చల్లి, "ఊపిరి తీసుకోరా! గుండె జాగ్రత్త!" అని అరుస్తోంది. జనార్దనానికి గుండె ఉన్నట్టే తెలియడం లేదు. మేడ మీద తోడిన బకెట్లన్నీ ఒక్కటై చేతుల్లోకి వచ్చినట్టుంది. అరచేతులు కమిలాయి. మొహం మాత్రం పాలిటెక్నిక్ కుర్రాడి మొహంలా ఉంది.

ఎంతసేపు అలా సాగిందో ఎవరూ చూసుకోలేదు. చివరికి రెండు పక్కలా అలసట వచ్చింది. చేప మెల్లగా, పక్కకి ఒరుగుతూ, పడవ దగ్గరికి వచ్చింది. ఎల్లాజీ అలవాటు కొద్దీ కొక్కెం కర్ర అందుకుని, "పట్టేశాం బాబూ! ఒడుపుగా, ఒడుపుగా!" అంటూ పైకెత్తాడు. ఎత్తినవాడికి టోపీ గుర్తొచ్చింది. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. కొక్కెం కింద పడేసి, టోపీ తీసి కళ్లకడ్డం పెట్టుకుని, "నాను సూళ్లేను" అని పక్కకి తిరిగిపోయాడు.

జనార్దనం అంచు మీదికి వంగాడు. చేప కన్ను పెద్దది, నల్లది, అతన్నే చూస్తోంది. ఒంటి మీద నీలం అలలు అలలుగా వెలుగుతోంది. ఊదా, వెండి, మళ్లీ నీలం. బూడిదరంగు ఎక్కడా లేదు.

అంతలో అది నీళ్ల మీదికి ముక్కెత్తి ఒక్క విదిలింపు విదిల్చింది. ఈసారి ఈల చాలాసేపు మోగింది.

"సుదీర్ఘ ఈల," అన్నాడు కృపాకర్. "మ్యాచ్ ముగిసినది. ప్రత్యర్థి విజేత. ఇక క్రీడా మర్యాద ననుసరించి ఉభయులు కరచాలనము చేయవలెను."

ఆ మూడు రోజుల్లోనూ జనార్దనానికి నచ్చిన నియమం అదొక్కటే. చెయ్యి చాచి చేప కొమ్ముని పట్టుకున్నాడు. గరుకుగా, చల్లగా, బలంగా ఉంది. ఒక్క క్షణం పట్టుకుని వదిలేసి, రెండో చేత్తో కత్తి అందుకుని తాడు కోసేశాడు. నీలం నీలంలో కలిసిపోయింది. ఈల కూడా దాంతోపాటే వెళ్లింది.

అక్కడితో ఐపోయిందని జనార్దనం అనుకున్నాడు. అతను వ్యాపారస్తుడు, ఆఫీసుల సంగతి తెలియదు.

నెల తిరక్కుండా కృపాకర్ దుకాణానికి వచ్చాడు. గడ్డం మాసి, పంపుసెట్ల మధ్య పంపుసెట్టులా కూలబడ్డాడు. భాష కూడా మారిపోయింది.

"ఆ ఈల ఎక్కడని ఆడిట్ వాళ్లు అడుగుతున్నారండీ. చేప దగ్గరుందని రాశాను. ప్రభుత్వ ఆస్తి ప్రైవేటు వ్యక్తుల దగ్గర ఎందుకుందని మళ్లీ అడిగారు. రిటైర్మెంటు దగ్గర పడిందండీ, పెన్షన్ ఆపేస్తారు."

"మరేం చేశారు?"

"ప్రభుత్వ ఆస్తి ప్రభుత్వోద్యోగి దగ్గరే ఉండాలి కదండీ. అందుకని పై వాళ్లు ఆలోచించి ఆ చేపకి ఉద్యోగం ఇచ్చేశారు. మ్యాచ్ గెలిచింది కాబట్టి స్పోర్ట్స్ కోటా కింద ఇబ్బంది లేదు. ఈల ఉంది కాబట్టి అంపైరు పోస్టు. ఆడిట్ అభ్యంతరం తీరిపోయింది."

ఇలియాస్, వసుంధర ఆ పూట దుకాణంలోనే ఉన్నారు. ఇలియాస్ మెల్లగా, "డ్యూటీలో చేరిందా?" అని అడిగాడు.

"అదేనండీ వచ్చిన చిక్కు. చేరలేదు. ఫోను చేసిన వాళ్లందరికీ సారు క్యాంపులో ఉన్నారని చెప్పి కొన్నాళ్లు నెట్టుకొచ్చాం. ఎన్నాళ్లని చెప్తాం? విధులకి గైర్హాజరైనందుకు నిన్న క్రమశిక్షణ చర్య తీసుకున్నారు. మన్యం బదిలీ."

"మన్యం అంటే?" అన్నాడు జనార్దనం.

"కొండ మీదండీ. సముద్రం నుంచి వంద కిలోమీటర్లు. తనంత తాను వెళ్లకపోతే వల వేసి పట్టుకెళ్లి అక్కడ చేర్చమని ఎల్లాజీకి ఉత్తర్వులు. అతను టోపీ తిరిగిచ్చేసి వారం నుంచి కనపడ్డం లేదు. ఇంకో సరంగుని చూస్తున్నారు."

జనార్దనం లేచి నిలబడ్డాడు. అరచేతిలో ఆ కొమ్ము గరుకుదనం ఇంకా ఉన్నట్టే ఉంది. కొండ మీద ఆఫీసులో, బల్ల మీద, బూడిదరంగులో పడున్న చేప అతని కళ్లముందు కనపడింది. దుకాణం షట్టరు దించేశాడు.

ఆ తర్వాత జరిగింది విశాఖలో చాలామంది చూశారు. చేపని పట్టడానికి పడవెక్కిన మనిషి, అదే చేపని బదిలీ నుంచి తప్పించడానికి ఆఫీసుల మెట్లెక్కాడు. ఆరోగ్య కారణాలు చూపించాడు. కొండ గాలి పడదని ఇలియాస్ సర్టిఫికెట్ ఇచ్చాడు. పళ్ల డాక్టరు సర్టిఫికెట్ చెల్లదన్నారు. మానవతా దృక్పథంతో చూడమన్నాడు. చేపకి మానవతా దృక్పథం వర్తించదన్నారు. ఒక అధికారైతే జాలిపడి, "మీకు ఆయన ఏమవుతారు?" అని అడిగాడు. జనార్దనం, "చెయ్యి కలిపాను సార్" అన్నాడు.

చివరికి దారి వసుంధరకే దొరికింది. మండలి పెద్దాయన గదిలో నిలబడి, గొంతు సవరించుకుని, ఆయన భాషలోనే మొదలుపెట్టింది.

"అయ్యా, భార్యాభర్తలిరువురును ఒకే ప్రాంతమునందు ఉండవలెనన్న నిబంధన కలదు. సదరు ఉద్యోగి భార్య బంగాళాఖాతమునందే నివసించుచున్నది. కావున బదిలీ నిలుపుదల చేయగలరు."

పెద్దాయన కళ్లజోడు తుడుచుకున్నాడు. మనసులో ఏ మూలో ఆయనకీ ఆ బదిలీ భారంగానే ఉన్నట్టుంది. "నిబంధన ఉన్నమాట నిజమే. అయితే భార్య ఉన్నట్లు రుజువు కావలెను. ఎవరో ఒకరు వెళ్లి ఆమెను చూచి ధ్రువీకరించవలెను."

"మేం వెళ్తాం," అన్నారు ముగ్గురూ ఒకేసారి.

"ఎన్నాళ్లు పట్టును?"

"సముద్రం పెద్దది సార్," అన్నాడు జనార్దనం.

ఉత్తర్వులు సాయంత్రానికల్లా వచ్చాయి. విచారణ పూర్తయ్యేవరకూ బదిలీ నిలుపుదల. విచారణ నిమిత్తం ముగ్గురికీ సముద్రం మీద తిరగడానికి అనుమతి. గడువు రాయడం మర్చిపోయారు. ఆట కాదు, విచారణ కాబట్టి అంపైరు అక్కర్లేదు. అయినా కృపాకర్ సెలవు పెట్టి, లుంగీ కట్టుకుని, వాంతుల మాత్రలు మింగి, గట్టు మీద ముందే వచ్చి కూర్చున్నాడు. ఎల్లాజీ ఎక్కడి నుంచి ఊడిపడ్డాడో పడవ ఇంజను తుడుస్తున్నాడు. ఈసారి వసుంధర పట్టుబట్టి బస్తా వంకాయలు ఎక్కించింది.

గట్టు దాటాక, గాలి చల్లగా తగులుతుంటే, ఇలియాస్ హఠాత్తుగా ఏదో తోచినవాడిలా తలెత్తాడు.

"అదిసరే గానీ, మనం భార్య కోసం వెతుకుతున్నాం. అసలు మనవాడు మగచేపో ఆడచేపో ఎవరైనా చూశారా?"

అందరూ జనార్దనం వంక చూశారు. జనార్దనం ఎల్లాజీ వంక చూశాడు. ఎల్లాజీ ఆకాశం వంక చూసి, "ఆడదే బాబూ," అన్నాడు, కొంచెం సిగ్గుపడుతూ. "అంత పెద్దయ్యి ఆడయ్యే ఉంటాయి. నన్నెవరూ అడగలేదు."

కృపాకర్ నోరు తెరిచాడు. వసుంధర వేలెత్తి ఆయన్ని ఆపింది.

"ఈ మాట ఈ పడవ దాటకూడదు," అంది. "ఆడదని తెలిసిందా, ప్రసూతి సెలవు కింద దాని పిల్లలందర్నీ మనల్నే లెక్కబెట్టి రమ్మంటారు."

జనార్దనం ఎల్లాజీ వైపు తిరిగాడు.

"ఎన్ని పెడుతుందేం గుడ్లు?" అన్నాడు.

"లచ్చల్లో పెడతాది బాబూ."

జనార్దనం కాళ్లు బారజాపుకుని, టోపీ కళ్ల మీదికి లాక్కున్నాడు. "అయితే వెనక్కెళ్లగానే చెప్పేద్దాం," అన్నాడు.